తిరుపతి వేసిన సామాను

దిల్‌సుఖ్‌నగర్,
18 ఆగస్టు 2024

బిడ్డ రమ్యకు,

మీ పెద్దనాయిన మట్టయ్య రాసేది. నాకు పుస్తకంల ఉన్నట్టు రాయరాదు. నోటితోని చెప్పినట్టే రాస్తున్న. ఆ నోరే ఇప్పుడు లేదు గద. గొంతు ఆపరేషన్ అయినంక రెండు నెలల సంది నేను ఏమన్న మాట్లాడిన్నంటే పలక మీద సుద్దముక్కతోని. మీ పెద్దమ్మ సైదమ్మ నేను రాసుడు అయిపోకముందే జవాబు చెప్తది. నలభై ఏండ్ల సంది గంతే, ఇప్పుడు ఆమెకు జర సులువైంది.

నన్ను చూడనీకి వస్తనన్నవట. రాకు. మెడల రంధ్రం చూసి పరేషాన్ అయితవ్. ఫోన్ల రాస్తే ఆ అక్షరాలు నాకు కనవడయ్. కాయితం మీద పెద్దగ రాసి పెద్దమ్మకియ్యి. మీ గల్లీ మూలమీద పూల బండి పెట్టనీకి ఆమె రోజు మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వస్తనే ఉంటది.

నీతోని పనివడ్డది. దీపావళికి మన షెడ్డు ఖాళీ చెయ్యాలె. జాగ ఆయన అపార్ట్‌మెంట్ కడ్తడట. పానాలు, జాకీలు పంచిపెట్టిన. ఒక్క ఇంజను మిగిలింది. గంగాధరరావు సారు జపాన్ కారుది, పిస్టన్లు లేని రోటరీ ఇంజను. మీ తిరుపతన్న కట్టిండు. కట్టిచ్చిన పంతొమ్మిదో రోజు అది మూలకు వడ్డది. గా సిగ్గుకే వాడు పానా ఇడిసిపెట్టి పార్సిల్ వ్యాన్ ఎక్కిండు. ఆరు నెలలకు తుర్కయంజాల్ కాడ ఆ వ్యాన్‌తోనే వాడు పోయిండు, నీకు తెలుసు. రెండేండ్లాయె.

పొగల, దుమ్ముల తిరగొద్దని దవాఖానల చెప్పిన్రు. నువ్వు పాలిటెక్నిక్‌ల మెకానికల్ చదువుతున్నవ్ కాబట్టి అడుగుతున్న. ఆదివారం ఆదివారం షెడ్డుకు పొయ్యి ఆ ఇంజను విప్పు. ఏది తియ్యాలె, ఏది ఉంచాలె రాయి. కొత్త సామాను సారు తెప్పిస్తనన్నడు. ఒక్కటి ముందుగల్నే చెప్తున్న. తిరుపతి వేసిన సామాను ఏదుంటే అది తీసెయ్. వాడిది తొందర చెయ్యి. జపానోడు వేసింది ఉంచు.

నేను పోయేలోపల నాకు తేలాలె బిడ్డా. నా కొడుక్కు పని వచ్చా, రాదా.

ఉంట మరి,
మీ పెద్దనాయిన


ఎల్బీనగర్,
26 ఆగస్టు 2024

పెద్దనాయనా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు ఈ మధ్య మాటల పిచ్చి పట్టింది. కొత్త మాట కనిపిస్తే నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. నీ ఉత్తరంలోంచి ‘మూలకు వడ్డది’ రాసుకున్నాను. ఒక్క మాటలో ఇంజను ఆగిపోవడం, దాన్ని తోసి మూలన పెట్టడం, తర్వాత ఎవరూ అటు చూడకపోవడం, అన్నీ ఉన్నాయి.

నిన్న నాన్నా నేనూ కలిసి చైన్ బ్లాకుతో ఇంజనును బెంచీ మీదికి ఎత్తాం. నాన్న “మా అన్న దీన్ని ఎన్నడు ఇప్పి చూడలే. ఆటబొమ్మ అనేటోడు” అన్నాడు. అందుకే లోపల ఎలా ఉందో రాస్తున్నాను. పల్లికాయను నిలువునా చీలిస్తే నడుము దగ్గర కొంచెం సన్నబడి ఉంటుంది కదా, లోపలి గది అచ్చం అలా ఉంది. అందులో మూడు మూలల ఇనుప దిమ్మ తిరుగుతుంది. అదే రోటర్. ఒక్కో మూలకు ఒక్కో సన్నటి పట్టీ. దాన్ని ఏపెక్స్ సీల్ అంటారు. అది గోడను ఒరుసుకుంటూ పోతూ మంటను ఒక గదిలోంచి మరో గదిలోకి పోకుండా ఆపుతుంది. రోటర్లు రెండు, పట్టీలు ఆరు.

ఏ గాడిలోంచి తీసిన పట్టీ ఆ గాడికే తెలియాలి. కలిసిపోతే ఇక దేన్నీ నమ్మలేం. అమ్మ దగ్గర గుడ్ల అట్ట అడిగి తెచ్చుకుని గుంటగుంటకూ అంకె వేసి పెట్టాను. అమ్మ “గుడ్లు ఏడ పెట్టాలె మరి, నీ నెత్తి మీదనా?” అంది.

డ్రాయరులో అన్న రాసుకున్న పుస్తకం దొరికింది. ఏది ఎప్పుడు వేశాడో, ఎంత సందు ఉంచాడో అన్నీ అందులో ఉన్నాయి. కాలేజీ నుంచి తెచ్చిన మైక్రోమీటరుతో కొలిచాను. ఆరు పట్టీలూ పోయాయి, అంచులు విరిగాయి. వాటిని తీయక తప్పదు. కానీ అన్న వేసిన పక్క సీళ్లు, మూల సీళ్లు, రబ్బరు రింగులు దాదాపు అన్నీ పుస్తకంలో రాసిన కొలతకు ఇప్పటికీ సరిపోతున్నాయి. పోయింది జపాన్ వాళ్లు వేసిన ముందు గది గోడ. దాని మీది క్రోమ్ పూత పెళ్లలు పెళ్లలుగా లేచింది. నువ్వు తీసెయ్యమన్నవి ఉంచాల్సినవి, ఉంచమన్నది తీయాల్సింది.

అరగడం వేరు, కాలడం వేరు. పట్టీలు అరగలేదు. నీలం రంగు తిరిగి ఉన్నాయి. కాలాయి. ఎందుకో ఇంకా తెలియలేదు.

వేళకు మందులు వేసుకో.
రమ్య


దిల్‌సుఖ్‌నగర్,
2 సెప్టెంబరు 2024

రమ్యా,

నాకు పాఠం చెప్తున్నవా? నువ్వు పుట్టకముందు నుంచి నేను లారీ ఇంజన్లు కడుతున్న. సాగర్ రోడ్డు మీద ఎన్ని నా చేతి కింద పోయినయో లెక్క లేదు. ఒక్క దానికి కాయితం మీద కొలత రాయలే. బొటనవేలు పెడితే తెలుస్తది. పుస్తకంల రాసుకుంటే పని వచ్చినట్టా?

సీళ్లు కాలినయంటే సక్కగ వెయ్యలే, గంతే. నేను అప్పుడే చెప్పిన. “అరె తిరుపతీ, బండి నూనె కాలుస్తున్నదిరా, ఎనక పొగ వస్తున్నదిరా, నీ ఫిట్టింగు మంచిగ లేదు” అన్న. ఏమన్నడో ఎర్కనా? “గిది నూనె తాగే ఇంజనే నాయినా. తాగకుంటే సస్తది” అన్నడు. ఇంజను నూనె తాగాల్నట! షెడ్డుల అందరు నవ్విన్రు. “ఉస్తాద్, నీ కొడుకు బండికి కల్లు గూడ పోస్తడేమో” అన్నడు ఒకడు. నేను గూడ నవ్విన.

నువ్వు వాడి చెల్లెవు. వాడి దిక్కే మాట్లాడుతవ్. నాకు గది గాదు గావాల్సింది. ఎందుకు కాలినయో చూసి రాయి. వాడి తప్పైతే వాడి తప్పే అని రాయి. దాచకు.

మీ పెద్దమ్మ నీ కోసం సకినాలు పంపింది. నాకు గొంతు దిగయని నా ముంగటనే చేసింది.

పెద్దనాయిన


ఎల్బీనగర్,
16 సెప్టెంబరు 2024

పెద్దనాయనా,

దొరికింది! వాన ఆగేదాకా ఆగలేక, గొడుగు పట్టుకుని పెద్దమ్మ పూల బండి దగ్గర నిలబడే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

అన్న చెప్పింది అక్షరాలా నిజం. కాలేజీలో మా సార్‌ని అడిగాను, మాన్యువల్ కూడా చూశాను. పిస్టను బండిలో నూనె మంటలోకి వస్తే జబ్బు. రోటరీలో మాత్రం ఒక చిన్న పంపు కావాలనే చుక్క చుక్కగా నూనెను గదిలోకి పంపుతుంది. ఆ చుక్క లేకపోతే పట్టీలు పొడి గోడను ఒరుసుకుని కాలిపోతాయి. ఆ కొంచెం నీలం పొగ ఇంజను బాగుందనడానికి గుర్తు.

ఇక విను. పంపు నుంచి నాలుగు సన్నటి పైపులు వస్తాయి. ఒక్కో పైపు చివర ఒక్కో బోల్టు. బోల్టు మధ్యలో రంధ్రం, నూనె అందులోంచే లోపలికి పోవాలి. ఆ నాలుగు బోల్టులకూ రంధ్రాలు లేవు. ఎవరో ఇత్తడి పోసి మూసేశారు! పైన ఆకురాయి పట్టి ఎంత నున్నగా చేశారంటే, వేలితో తడిమితే తెలియదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటేనే పసుపు చుక్క కనిపిస్తుంది. మా సార్ చూసి, “ఎవరిదోగానీ గొప్ప చెయ్యమ్మా” అన్నారు.

గొప్ప చెయ్యే కావచ్చు. కానీ ఆ చెయ్యి ఈ ఇంజనును దాహంతో చంపింది. రోటరీ సంగతి తెలియనివాళ్లు ముట్టుకోకుండా ఉండాల్సింది. గంగాధరరావు సారు ఎవరైనా వేరే మెకానిక్‌కు చూపించాడేమో అడుగుతాను.

నువ్వు అడిగిన దానికి జవాబు దొరికింది. అన్న పనిలో తప్పు లేదు. సంతోషించు పెద్దనాయనా.

రమ్య


ఎల్బీనగర్,
7 అక్టోబరు 2024

పెద్దనాయనా,

మూడు వారాలైంది, నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. పెద్దమ్మను అడిగితే “ఏమో బిడ్డా, పలక గూడ ముడ్తలేడు. గోడ దిక్కు మొకం పెట్టి పంటున్నడు” అంటోంది. నేను ఏదో తప్పు రాశానని తెలుస్తూనే ఉంది. ఏమిటో తెలియక ఉత్తరాలన్నీ మనసులోనే తిరిగి చదువుకున్నాను.

ఇప్పుడు అర్థమైందనుకుంటున్నాను. సారు ఆ కారును ఇంకెవరికీ చూపించలేదట. షెడ్డులో ఆ ఇంజనును అన్న తప్ప ఎవరూ ముట్టలేదు. అంటే బోల్టులు మూసింది అన్నే. మీరంతా నవ్వినందుకు, పొగ రాకూడదని మూసి ఉంటాడు. నువ్వు నా ఉత్తరం చదవగానే అది గ్రహించావు. నేనేమో ‘సంతోషించు’ అని రాశాను. నన్ను క్షమించు. దాచకు అన్నావు కాబట్టి రాస్తున్నాను.

నిన్న గంగాధరరావు సారు షెడ్డుకు వచ్చారు. కొత్త పట్టీలు, ముందు గది తెచ్చి ఇచ్చి, “ఏమ్మా, ఎందుకు పోయిందో తెలిసిందా?” అని అడిగారు. నేను బోల్టులు చూపించి, “మా అన్నే పొరపాటున మూసి ఉంటాడు సార్. మనిషి కదా” అన్నాను. ఆయన ఒక బోల్టు చేతిలోకి తీసుకున్నారు.

“అలాగని మీ పెదనాన్నగారు చెప్పారా?”

“లేదు సార్. నేనే అనుకున్నాను.”

“సరేనమ్మా” అని, తెప్పించిన టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఆయనకు కోపం వచ్చినట్టుంది. ఇక ఇంజను నన్ను కట్టవద్దంటారేమో.

ఒక్క ముక్క రాయి పెద్దనాయనా. తిట్టినా సరే.
రమ్య


దిల్‌సుఖ్‌నగర్,
10 అక్టోబరు 2024

రమ్యా,

ఆ మాట ఎనక్కి తీస్కో. సారు కాడికి పొయ్యి చెప్పు. బోల్టులు మూసింది తిరుపతి గాదు. నేను.

మల్లొక్కసారి రాస్తున్న, తప్పు చదవకుంట. నేను మూసిన.

తెల్లారితే బండి అప్పగించాలె. వాడు దండ, నిమ్మకాయలు తేనీకి కొత్తపేట పోయిండు. షెడ్డుల నేనొక్కన్నే ఉన్న. ఎట్ల చేసిండో చూద్దామని ఇంజను స్టార్ట్ చేసిన. ఎనక మల్ల గదే నీలం పొగ, సన్నగ. నాకు తల తీసేసినట్టయింది. రేపు సారు ముంగట, ఇంతమంది ముంగట నా కొడుకు కట్టిన బండి పొగ ఇడుస్తే ఏమంటరు? మట్టయ్య కొడుక్కు పని రాదంటరు. నూనె యాడికెల్లి పోతున్నదో పైపులు పట్టుకొని చూసిన. నాలుగు బోల్టులు. ఇత్తడి పోసి, ఆకురాయి పట్టి, మల్ల బిగిచ్చిన. జరసేపు ఆడిచ్చిన. వాడు దండ తీస్కొని వచ్చేసరికి పొగ లేదు.

వాడికి చెప్పలే. చెప్తే చిన్నబోతడని. కొడుకు ఇజ్జత్ నిలబెట్టిన అనుకున్న బిడ్డా. ఆ పొద్దు రెండు ముద్దలు ఎక్కువ తిన్న.

పంతొమ్మిదో రోజు బండిని గుంజుకొచ్చిన్రు. గప్పుడు గూడ నాకు తట్టలే. నూనె కాలకుంటే ఇంజనుకు మంచిదే అని నలభై ఏండ్ల సంది తెలిసినోన్ని. వాడి ఫిట్టింగే తప్పనుకున్న. వాడు ఇంజను పక్కన కూసొని, “నాయినా, నేనేడ తప్పు చేసిన్నో జర చూస్తవా?” అని అడిగిండు. నేను చేతులు గడుక్కుంట “నీ పని నీకే తెల్వాలె” అన్న. పని గురించి వాడు నన్ను అడుగుడు అదే ఆఖరు.

నీ మీద కోపమొచ్చి గాదు రాయంది. సంతోషించు అన్న కాడ ఆగిపోయిన. అది దాటి చదవనీకి మూడు వారాలు పట్టింది.

ఇప్పుడిను. తిరుపతి వేసిన సామాను ఒక్కటి తియ్యకు. ముందు చెప్పింది మర్చిపో. స్క్రూ గూడ తియ్యకు. జపానోడిది ఏది పోతే అది పోనీ, వాడు వేసింది వేసినట్టుండాలె.

మట్టయ్య


ఎల్బీనగర్,
21 అక్టోబరు 2024

పెద్దనాయనా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను. మొదటిదాన్నిండా నీ మీద కోపం. రెండోదాన్నిండా నా మీద. అన్న తప్పు చేశాడని పరాయి మనిషి ముందు ఎంత సులువుగా అనేశాను!

నువ్వు చెప్పినట్టే నిన్న సారు దగ్గరికి వెళ్లాను. కోచింగ్ సెంటర్ల సందులో ఆయన పుస్తకాల కొట్టు, పైన ఇల్లు. ఆ కారు కవరు కప్పుకుని ఇంటి ముందే ఉంది. ఆయన భార్య అమ్మాజీగారు మంచినీళ్లు ఇచ్చి, “రెండున్నరేళ్ల నుంచి దాని చుట్టూ ముగ్గు వేస్తున్నాను తల్లీ. అమ్మనివ్వరు, కదపనివ్వరు” అన్నారు. నేను కూర్చోకుండానే, “సార్, ఆ బోల్టులు మూసింది మా అన్న కాదు, మా పెద్దనాయన” అన్నాను.

“కూర్చోమ్మా. నాకు తెలుసు” అన్నారు.

కూర్చున్నాను. ఆయనే చెప్పారు. ఆయన మాటలు నాకు గుర్తున్నంత వరకు అలాగే రాస్తున్నాను.

“ఇంజను చెడిపోయిన నాలుగో రోజున తిరుపతి వచ్చాడమ్మా. ఆ బోల్టులు కాగితంలో చుట్టి తెచ్చాడు. ‘ఈ ఆకురాయి పట్టు మా నాయినది సార్. చిన్నప్పటి సంది చూస్తున్న’ అన్నాడు. పోనీ మీ నాన్నగారితో నేను మాట్లాడతానయ్యా అన్నాను. నా చేతులు పట్టేసుకున్నాడు. ‘వద్దు సార్. మీరు చెప్తే ఆయన మల్ల పానా పట్టడు. ఇంజను షెడ్డులనే ఉండనియ్యిండ్రి. ఎప్పటికన్నా ఆయనే విప్పుతడు, ఆయనకే తెలుస్తది. గప్పుడు నేనొచ్చి చేస్త’ అన్నాడు. మాటిచ్చాను. అందుకే మొన్న నువ్వు అలా అన్నప్పుడు నోరు విప్పలేకపోయాను. మీ పెదనాన్నగారే చెప్పాలి కదా, నేనెలా చెబుతాను?”

అన్న అవే బోల్టులు మళ్లీ బిగించి వెళ్లాడు, పెద్దనాయనా. నువ్వు విప్పితే నీకు కనబడాలని.

ఇది నీకు రాయాలా వద్దా అని నిన్నటి నుంచి నిద్ర లేదు. నువ్వు ఏదీ దాచకుండా రాశావు, అందుకని నేనూ దాచడం లేదు. నీ కొడుక్కు పని వచ్చు. ఎవరూ చెప్పకపోయినా ఆ కొలతలు చెబుతున్నాయి.

ఇంజను చాలావరకు కట్టాను. రంధ్రాలున్న కొత్త బోల్టులు వేశాను. అన్న వేసినవి తియ్యొద్దన్నావు, కానీ కాలిన ఆరు పట్టీలనూ తీయక తప్పలేదు. మిగిలినవి ఉంచాను. ఒక్క దాని దగ్గర ఆగిపోయాను. వెనక రోటర్ బేరింగు. అన్న వేసిందే. దాని అరుగుదల సరిగ్గా మాన్యువల్ చెప్పిన హద్దు మీద ఉంది. ఉంచితే కొన్నాళ్లు తిరుగుతుంది. ఎన్నాళ్లో చెప్పలేం. కొత్తది సారు ఇచ్చిన పెట్టెలో ఉంది. ఇన్ని వారాలూ కొలతే చెప్పింది విన్నాను. ఈ ఒక్కదాన్ని మాత్రం తీయడానికి చెయ్యి రావడం లేదు. ఏం చేయను?

రమ్య


దిల్‌సుఖ్‌నగర్,
24 అక్టోబరు 2024

బిడ్డ రమ్యకు,

నీ ఉత్తరం చదివిన. చదివి మీ పెద్దమ్మకిచ్చిన, నేను రాసింది గూడ చెప్పిన, పలక మీద. ఆమె రెండు పూటలు నాతోని మాట్లాడలే. పూలు గూడ కట్టలే. ఇయ్యాల పొద్దుగాల గంజి తెచ్చి ముంగట పెట్టి “తాగు” అన్నది. గంతే.

వాడికి తెలుసు. తెలిసి ఆరు నెలలు నా ఎదురుంగ కూసొని బువ్వ తిన్నడు. నేను రోజు ఏదో ఒకటి అనేటోన్ని. నీది తొందర చెయ్యిరా, వ్యాన్ అన్న జర నిమ్మళంగ నడుపు అని. తల వంచుకొని తినేటోడు. సిగ్గుతోని వంచుకున్నడనుకున్న. నాకు నోరున్నప్పుడు నేను ఆడిన మాటలు గివి బిడ్డా.

నేనొచ్చి చేస్త అన్నడట. నేను విప్పుడే ఆలస్యం చేసిన. వాడు ఉండంగనే విప్పుతే అయిపోవు.

నువ్వు రాసింది తప్పేం గాదు. రాయకుంటే ఇంకో తీరుగ చచ్చేటోన్ని. సారుకు నేనే ఒక కాయితం రాసి పంపిన. ఏం రాసిన్నో నీకు చెప్పను, అది ఆయనకు నాకు.

బేరింగు అడిగినవ్. మొదలు వాడు వేసినయన్ని తీసెయ్యమన్న. ఎనక ఒక్కటి తియ్యొద్దన్న. రెండుసార్లు ఇంజనును చూసి చెప్పలే నేను. ఒకసారి కోపంతోని, ఒకసారి ఏడుపుతోని చెప్పిన. వాడు గట్ల చేసేటోడు గాదు. కొలిచేటోడు. హద్దు మీదున్న బేరింగును అట్లనే మూసి సారు చేతుల పెట్టేటోడా? చచ్చినా పెట్టడు.

వాడు వేసిండని ఉంచకు. తీసెయ్ బిడ్డా. వాడున్నా తీసేసేటోడే.

మీ పెద్దనాయిన